ఏడో నెలకే చెనక్కాయ పెట్టమంటారొకరు, ఐదేళ్ల దాకా వద్దంటారొకరు: ఎవరి మాట వినాలి?

అమ్మా, మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీ పాపకు ఏడో నెల. బెంగళూరులో ఉండే మీ మరిది ఒక వీడియో పంపాడు. ఆరు నెలలు దాటగానే చెనక్కాయ (వేరుశనగ) తినిపించడం మొదలుపెడితే అలర్జీ రాదని పరిశోధనలో తేలిందని అందులో ఉంది. టీకాకు వెళ్లినప్పుడు డాక్టరుగారేమో ఐదేళ్ల దాకా చెనక్కాయ పాప చేతికి అందనివ్వొద్దన్నారు. మీ అత్తమ్మ "మా పిల్లలంతా కళ్లంలో కాయల మధ్యే పెరిగారు, ఎవరికేమైంది?" అంటోంది. మీది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, ఇంట్లో ఏడాది పొడుగునా చెనక్కాయలు ఉంటాయి, ఎవరి మాట వినాలి అని అడిగారు.

అనంతపురంలో పిల్లల డాక్టరుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నదాన్ని. ఈ మధ్య ఇదే ప్రశ్న తరచుగా వింటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు జవాబు. మీ మరిది పంపిందీ నిజమే, డాక్టరుగారు చెప్పిందీ నిజమే. వీడియో మాట్లాడేది చెనక్కాయలో ఉండే ప్రొటీన్ గురించి. డాక్టరుగారు భయపడేది గింజ గట్టిదనానికి, ఆకారానికి. వెన్నలా నూరి జావలో కలిపిన చెనక్కాయ మీ పాపకు ఇప్పుడే పెట్టొచ్చు. గింజగా గానీ బద్దగా గానీ పలుకుగా గానీ కనీసం నాలుగేళ్లు నిండేదాకా పెట్టకూడదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం నాలుగేళ్లు అంటుంది, బ్రిటన్ ఆరోగ్య శాఖ ఐదేళ్లు అంటుంది. నేను ఐదుకే ఓటేస్తాను, ఎందుకో కింద చెప్తాను.

వీడియోలో ఉన్న పరిశోధన సంగతి. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అలర్జీ వచ్చే ప్రమాదం ఉన్న పిల్లలకు మూడేళ్ల దాకా చెనక్కాయ పెట్టొద్దని సలహా ఇచ్చింది. అప్పటికి దానికి గట్టి ఆధారమేమీ లేదు, జాగ్రత్త కోసం చెప్పిన మాట. పెట్టడం మానేసినా ఆ దేశాల్లో చెనక్కాయ అలర్జీ పెరుగుతూనే పోయింది. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది లండన్‌లో గిడియన్ లాక్ అనే డాక్టరు బృందం ఒక పోలిక బయటపెట్టింది. బ్రిటన్‌లో ఉండే యూదుల పిల్లల్లో 1.85 శాతం మందికి చెనక్కాయ అలర్జీ ఉంటే, ఇజ్రాయెల్‌లో ఉండే యూదుల పిల్లల్లో 0.17 శాతం మందికే ఉంది. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలకు బాంబా అని నోట్లో కరిగిపోయే చెనక్కాయ చిరుతిండి పెడతారు. బ్రిటన్‌లో అప్పుడు పెట్టేవాళ్లు కాదు.

ఇంతటితో ఏదీ రుజువు కాదు. రెండు దేశాల మధ్య ఎండ, తిండి, ఇల్లు, అలవాట్లు, ఎన్నో తేడాలుంటాయి. అందుకే అదే బృందం 4 నుంచి 11 నెలల వయసు పిల్లలను 640 మందిని తీసుకుంది. చీటీ తీసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి వారం వారం చెనక్కాయ తినిపించారు, రెండో భాగానికి అసలు పెట్టలేదు. పిల్లలకు ఐదేళ్లు వచ్చేదాకా ఇలాగే నడిపారు. 2015లో ఫలితాలు వచ్చాయి. దీన్నే లీప్ పరిశోధన అంటారు. మొదట్లో చర్మ పరీక్షలో (చెనక్కాయ సారం చుక్క వేసి చర్మాన్ని సన్నగా గుచ్చి చూసే పరీక్ష) ఏ దద్దూ రాని పిల్లలను చూస్తే, తినని భాగంలో 13.7 శాతం మందికి అలర్జీ వచ్చింది, తిన్న భాగంలో 1.9 శాతం మందికి వచ్చింది. నూటికి దాదాపు పద్నాలుగు మందికి రావాల్సింది ఇద్దరికి తగ్గిందన్నమాట. చర్మ పరీక్షలో అప్పటికే కొద్దిగా దద్దు వచ్చిన పిల్లల్లో కూడా 35.3 శాతం నుంచి 10.6 శాతానికి తగ్గింది. ఆ తర్వాత వాళ్లను ఇష్టమొచ్చినట్టు తినమని వదిలేసి, యవ్వనంలో అడుగుపెట్టే వయసులో మళ్లీ పరీక్షించి 2024లో ఫలితం ప్రచురించారు. తేడా అలాగే నిలిచింది: చిన్నప్పుడు తినని వాళ్లలో 15.4 శాతం, తిన్నవాళ్లలో 4.4 శాతం. పిల్లల తిండి విషయంలో ఇంత తేటగా తేలిన పరిశోధనలు తక్కువ. దాని మీద నాకు పూర్తి గౌరవం ఉంది.

కానీ చిన్న వీడియోలో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి, మీకు కావాల్సింది అవే. ఆ 640 మంది మామూలు పిల్లలు కారు. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం కంది దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీగానీ, లేదా రెండూగానీ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. చర్మ పరీక్షలో పెద్ద దద్దు వచ్చిన పిల్లలను ప్రమాదమని చేర్చుకోనే లేదు. కాబట్టి "పద్నాలుగు నుంచి రెండుకు" అన్న లెక్కను మన ఊరి ప్రతి బిడ్డకూ అతికించకూడదు. పక్కనే కర్ణాటకలో బడిపిల్లల మీద జరిగిన సర్వేలో ఆహార అలర్జీ చాలా తక్కువగానే తేలింది. మీ పాపకు ఒళ్లు శుభ్రంగా ఉంటే, ఈ వారమే మొదలుపెట్టకపోతే ఏదో అయిపోతుందని కంగారు పడకండి. అలాగని ఆపాల్సిన పనీ లేదు. నా దృష్టిలో మన పిల్లలకు చెనక్కాయతో అసలు లాభం బలం. రాగి జావ, అన్నం పలుచగా పెట్టి కడుపు నింపుతాం, అందులో ప్రొటీన్, కొవ్వు తక్కువ. ఇంట్లో పండే పంట ఆ లోటు తీరుస్తుంది.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. లీప్ పరిశోధనలో ఒక్క బిడ్డకూ గింజ చేతికి ఇవ్వలేదు. బాంబా పెట్టారు, లేదా పలుకు లేకుండా నూరిన చెనక్కాయ వెన్న పెట్టారు. "చెనక్కాయ పెట్టండి" అని విన్న తాతలు నాలుగు గింజలు వేయించి మనవడి గుప్పిట్లో పోస్తే, పరిశోధన చెప్పినదానికి పూర్తిగా విరుద్ధమైన పని చేసినట్టే.

ఎలా పెట్టాలో చెప్తాను. పాప ఇప్పటికే జావ, మెత్తటి అన్నం తింటూ ఉండాలి, తల నిలబెట్టి కూర్చోగలగాలి. మంచి గింజలు దోరగా వేయించి, పొట్టు ఊది, మిక్సీలో వేసి నూనె వదిలి ముద్దయ్యేదాకా తిప్పండి. వేళ్ల మధ్య నలిపితే ఒక్క పలుకు కూడా తగలకూడదు. ఆ ముద్దను అలాగే నాలుక మీద పెట్టకండి, అంగిట్లో అతుక్కుని అదే అడ్డం పడుతుంది. పొడిపొడిగా కూడా పెట్టొద్దు, పాప ఊపిరి పీల్చినప్పుడు పొడి గొంతులోకి లేస్తుంది. గోరువెచ్చటి నీళ్లతోనో మీ పాలతోనో పలుచగా చేసి రాగి జావలో బాగా కలిపేయండి. ఊరిబిండి మెత్తగానే ఉంటుంది కదా అని అడుగుతారు కొందరు. వద్దమ్మా, అది కచ్చాపచ్చాగా నూరేది, పలుకులుంటాయి, పైగా కారం.

మొదటిసారి పగటి పూటే పెట్టండి. ఆ రోజు పాపకు జ్వరం, జలుబు ఉండకూడదు. స్పూను కొసకు అంటినంత పెట్టి పది నిమిషాలు చూడండి. ఏమీ లేకపోతే మిగతాది మెల్లగా పెట్టి, ఆ తర్వాత రెండు గంటలు పాపను కనిపెట్టుకుని ఉండండి. నోటి చుట్టూ కొంచెం ఎర్రబడటం చాలాసార్లు ఊరికే తిండి అంటుకున్నందుకే అవుతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదాలు, కళ్లు ఉబ్బడం, మళ్లీ మళ్లీ వాంతి, పిల్లికూతలు, పాప వాడిపోయి మెత్తబడటం, వీటిలో ఏది కనిపించినా ఆపేసి ఆస్పత్రికి పోవాలి. ఊపిరి తేడాగా ఉన్నా, మెత్తబడిపోయినా 108కి ఫోన్ చేయండి. ఏమీ కాకపోతే వారంలో రెండు మూడుసార్లు పెడుతూనే ఉండాలి, ఒకసారి పెట్టి నెలల తరబడి మానేయకూడదు. లీప్‌లో వారానికి 6 గ్రాముల చెనక్కాయ ప్రొటీన్, కనీసం మూడు పూటల్లో పెట్టారు. గింజలో నాలుగో వంతు ప్రొటీన్ అనుకుంటే వారానికి 24 గ్రాముల గింజలు, అంటే పూటకు నూరిన ముద్ద టీ స్పూనున్నర. మామూలు బిడ్డకు ఇంత కొలత అవసరం లేదు, అలవాటు తప్పకపోతే చాలు.

ఒక్క పరిస్థితిలో మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. పాప బుగ్గల మీద, మోచేతి, మోకాలి మడతల్లో చర్మం ఎర్రగా కంది, గరుకుగా మారి, రాత్రిళ్లు దురదతో నిద్ర పట్టక, గీరితే రసి కారుతుంటే అది ఎగ్జిమా కావచ్చు. అలాంటప్పుడుగానీ, గుడ్డు పెడితే ఇదివరకే దద్దుర్లు వచ్చి ఉంటేగానీ ముందు డాక్టరుకు చూపించి, వాళ్లు చెప్పినట్టు పెట్టాలి. ఇలాంటి పిల్లలకే దీనివల్ల లాభం ఎక్కువ, మొదటి స్పూను దగ్గర ప్రమాదం కూడా వీళ్లకే ఎక్కువ. ఇంకొక మాట: చిట్లిన చర్మం మీద చెనక్కాయ నూనె రుద్దకండి. బ్రిటన్‌లో 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆ నూనె కలిసిన క్రీములు చర్మానికి పూసిన పసివాళ్లలో తర్వాత చెనక్కాయ అలర్జీ ఎక్కువగా కనిపించింది. నోటి ద్వారా పోతే ఒంటికి అలవాటవుతుంది, దెబ్బతిన్న చర్మం ద్వారా పోతే ఒళ్లు దాన్ని శత్రువనుకుంటుందని శాస్త్రవేత్తల ఆలోచన.

ఇక గింజ గురించి. నాకు నిద్ర పట్టనివ్వని విషయం అలర్జీ కాదు, ఇది.

ముందు పళ్లతో కొరుకుతారు, వెనక దవడ పళ్లతో నములుతారు. పిల్లలకు మొదటి దవడ పళ్లు ఏడాది దాటాక వస్తాయి, రెండో జత రెండేళ్లు దాటే వేళకు వస్తాయి. పళ్లొచ్చినా నమిలి, నమిలి, ఆపి మింగే నేర్పు ఇంకా ఆలస్యంగా కుదురుతుంది. రెండేళ్ల బిడ్డ గింజను ముందు పళ్లతో రెండు బద్దలు చేసి నోట్లో ఉంచుకుంటాడు. అప్పుడే ఎవరో నవ్వించారు, లేదా పరిగెత్తాడు, లేదా పడి ఏడుపు కోసం ఒక్కసారిగా గాలి పీల్చాడు. బద్ద అన్నం పోయే దారి వదిలి గాలి పోయే దారిలోకి జారుతుంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లోనే ఇది ఎక్కువ.

పై గొట్టంలోనే ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది. చాలాసార్లు కిందికి జారి ఒక పక్క గొట్టంలో కూర్చుంటుంది. కుడి గొట్టం కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కనుక కుడివైపుకి పోవడం మామూలు. అక్కడ ఆ బద్ద సైకిల్ ట్యూబు వాల్వులా పనిచేస్తుంది. గాలి లోపలికి పోతుంది, బయటికి రాలేదు. గింజ తడి పీల్చుకుని ఉబ్బుతుంది, దానిలోని నూనెకు గొట్టం లోపలి పొర వాచిపోతుంది. ఇనుప మేకు ఇరుక్కున్నదానికన్నా చెనక్కాయ ఇరుక్కున్నదే ఊపిరితిత్తిని తొందరగా పాడుచేస్తుంది.

తల్లిదండ్రులను మోసం చేసేది ఇందులోని నడిమి దశ. మొదట బిడ్డ ఉక్కిరిబిక్కిరై తెగ దగ్గుతాడు, ముఖం ఎర్రబడుతుంది. నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. గింజ కిందికి జారి కూర్చోగానే దగ్గు ఆగిపోతుంది, బిడ్డ ఆటలో పడిపోతాడు, పొలమారి సర్దుకుందని అందరూ మర్చిపోతారు. కొన్ని రోజులకో వారాలకో దగ్గు, జ్వరం, పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు ఆస్తమా అని, నిమ్ము అని మందులు వాడతారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

వారాల తరబడి దగ్గుతున్న ఒక రెండేళ్ల బాబును ఒకసారి నా దగ్గరికి తెచ్చారు. స్టెతస్కోపు పెడితే ఎడమవైపు ఊపిరి చప్పుడు నిండుగా వినిపిస్తోంది, కుడివైపు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఎక్స్‌రేలో గింజ కనిపించదు, కిరణాలు దాని గుండా పోతాయి. కుడి ఊపిరితిత్తి మాత్రం ఎడమదానికన్నా నల్లగా, గాలి నిండి ఉబ్బి ఉంది. దగ్గు మొదలైన రోజుల్లో ఇంట్లో ఏం పని జరుగుతోందని అడిగాను. తల్లికి గుర్తు రాలేదు. వాళ్లవ్వ మాత్రం "విత్తనం కాయలు వలిచినాం కదా, అప్పుడు వీడికి పొలమారింది" అంది. పెద్దాసుపత్రిలో బాబుకు మత్తిచ్చి, నోటి ద్వారా గొట్టం పంపి ఉబ్బిపోయిన సగం బద్దను తీశారు. ఈ పద్ధతి ఇప్పటిది కాదు, 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు ఒక రైతు ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న ఎముకను ఇలాగే తీశాడు. ఆ అవ్వ మాటే లేకపోతే ఇంకెన్నాళ్లు దగ్గు మందు తాగించేవాళ్లో.

కాబట్టి దగ్గుతో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "గింజ తింటూ పొలమారింది" అన్న ముక్క వాళ్లు అడక్కపోయినా చెప్పండి. ఎక్స్‌రే మామూలుగా ఉందన్నా గింజ లేదని కాదు. దగ్గు ఆగిపోయినా సరే, గింజతో ఉక్కిరిబిక్కిరైన బిడ్డను అదే రోజు చూపించాలి.

మీ అత్తమ్మ మాట గురించి. ఆమె అబద్ధం చెప్పలేదు, కళ్లంలో పెరిగిన పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు. ఏదైనా అయిన బిడ్డకు అప్పట్లో ఏమైందో తెలిసే దారే లేదు, "దగ్గొచ్చి పోయాడు" అనుకునేవాళ్లు. ఆమెతో వాదన పెట్టుకోకండి, ఒక పని అప్పజెప్పండి. మన దగ్గర ప్రమాదం తిండి పెట్టేటప్పుడు కన్నా నేల మీద ఎక్కువ. విత్తనాల కాలంలో వసారాలో అందరూ కూర్చుని కాయలు వలుస్తారు, గింజలు చెదురుతాయి, పాకే బిడ్డకు అన్నీ నోటికే. మీ పాప ఇంకో నెలా రెండు నెలల్లో పాకుతుంది. వలిచే చోటుకు పాపను తేకుండా చూసే బాధ్యత ఒక్కరిది కావాలి, అందరిదీ అంటే ఎవరిదీ కాదు. పని అయ్యాక ఊడ్చి, మంచం కింద, చాప మడతల్లో చూడండి. పక్కింటి నాలుగేళ్ల పిల్లవాడు ప్రేమతో చెల్లెలి నోట్లో గింజ పెట్టడం కూడా జరిగేదే, ఆ పిల్లవాడికీ చెప్పండి.

గింజకు వర్తించేదంతా పుట్నాలకు, బఠాణీలకు, చింతగింజలకు, సీతాఫలం గింజలకు, చీనీ (బత్తాయి) గింజలకు కూడా వర్తిస్తుంది. చిక్కీ, బొరుగుల్లో కలిపిన చెనక్కాయలు కూడా ఆ లెక్కే. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు కోసి ఇవ్వాలి.

ఇంత చేసినా అడ్డం పడితే? బిడ్డ గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే మీరేమీ చేయకండి, దగ్గనివ్వండి, దానికి మించిన వైద్యం లేదు. నీళ్లు తాగించొద్దు, అన్నం ముద్ద, అరటిపండు మింగించొద్దు, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయొద్దు. కనపడని దానికోసం నోట్లో వేలు పెట్టి తిప్పొద్దు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రాక, గొంతు పెగలక, పెదాలు నీలంగా మారుతుంటే అప్పుడు క్షణం ఆగకూడదు, పక్కవాళ్లను 108కి ఫోన్ చేయమనండి. ఏడాది లోపు బిడ్డనైతే మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడను చేత్తో పట్టుకుని, తల ఛాతీకన్నా కిందికి ఉండేలా చూసి, రెండు భుజాల ఎముకల నడుమ అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ నడి ఎముక కింది సగం మీద ఐదుసార్లు లోతుగా నొక్కండి. ఐదు, ఐదు, మార్చి మార్చి. ఏడాది దాటిన బిడ్డనైతే ముందుకు వంచి వీపు మీద ఐదు, ఆ తర్వాత వెనక నుంచి చుట్టి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు గుంజాలి. ఏడాది లోపు పిల్లల పొట్ట ఎప్పుడూ నొక్కకూడదు. బిడ్డ స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి, ఛాతీ నొక్కి నోటితో ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. వచ్చే టీకా రోజు మీ ఏఎన్ఎం అమ్మను, డాక్టరును చేసి చూపించమని అడగండి, అత్తమ్మను కూడా తీసుకుపోండి.

ఆఖరుగా పాప జావకు వాడే గింజల సంగతి. మన ఇళ్లలో మంచి గింజ మార్కెట్‌కు పోతుంది, ముడుచుకున్నవి, పురుగు పట్టినవి, రంగు మారినవి ఇంటికి మిగులుతాయి. వాటి మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో చెనక్కాయ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతేనే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సరుకు దారితీస్తుంది. ఆఫ్రికాలోని బెనిన్, టోగో దేశాల్లో చూసిన పిల్లల్లో ఈ విషం రక్తంలో ఎక్కువ ఉన్నవాళ్లు ఎదుగుదలలో వెనకబడి కనిపించారు. దానివల్లే ఎదగలేదని ఆ ఒక్క పరిశోధనతో తేల్చలేం, అయినా జాగ్రత్త పడటానికి అది చాలు. వేయించినంత మాత్రాన ఈ విషం పూర్తిగా పోదు. పాపకోసం కిలో మంచి గింజలు అమ్మకముందే పక్కన తీసి, ఎండలో బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. వేయించే ముందు ఒక్కొక్కటీ చూసి, చేదుగా ఉన్నదీ, నల్లబడిందీ, బూజు వాసన వచ్చేదీ పారేయండి. పశువుల దాణాలో కూడా కలపకండి, ఆ విషం పాలలోకి వస్తుంది.